థింక్‌ప్యాడ్ ఎక్స్230లో 4 ఎంబీ చిప్ చదివిన ప్రతిసారీ వేరే ఫైల్ వస్తోంది

నమస్తే అండి. వైజాగ్ డాబాగార్డెన్స్‌లో సెకండ్ హ్యాండ్‌గా కొన్న ఎక్స్230 ల్యాప్‌టాప్‌లో పాత బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచే సాఫ్ట్‌వేర్) తీసేసి, దాని బదులు ఓపెన్ సోర్స్ కోర్‌బూట్ వేద్దామని కూర్చున్నాను, ఇంటెల్ ఎంఈని (చిప్‌సెట్‌లో విడిగా నడిచే ఇంటెల్ సాఫ్ట్‌వేర్) కూడా వీలైనంత తగ్గించాలని. ముందు బ్యాకప్ తీయాలి కదా, అక్కడే ఆగిపోయాను.

నేను వాడుతున్నవి సీహెచ్341ఏ ప్రోగ్రామర్ (చిప్‌ని చదివి రాసే యూఎస్‌బీ పరికరం), 8 పిన్నుల క్లిప్, లైనక్స్‌లో ఫ్లాష్‌రామ్ ప్రోగ్రామ్. ఈ బోర్డులో బయోస్, ఎంఈ ఉండే చిప్‌లు రెండు. 8 ఎంబీ చిప్‌ని మూడుసార్లు చదివితే షా256 (ఫైల్‌కి వేలిముద్ర లాంటి విలువ) మూడుసార్లూ ఒకటే. స్క్రీన్ వైపున్న 4 ఎంబీ చిప్ మాత్రం చదివిన ప్రతిసారీ వేరే విలువ ఇస్తోంది, ఒక్కోసారి చిప్పే దొరకలేదంటోంది.

ఛార్జర్, బ్యాటరీ, సీమాస్ బ్యాటరీ మూడూ తీసేశాను. ఇక్కడి ఉప్పుగాలికి పిన్నులు నల్లబడ్డాయేమోనని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, క్లిప్ పదిసార్లు మార్చి పెట్టి చూశాను. మల్టీమీటర్ పెడితే పవర్ పిన్ దగ్గర 3.3 వోల్టులే ఉన్నాయి కానీ డేటా లైన్లలో దాదాపు 5 వస్తున్నాయి, చిప్ మాత్రం 3.3 వోల్టులదే, అసలు టెన్షన్ అదే. సరైన బ్యాకప్ లేకుండా రాసే ధైర్యం లేదు.

ఈ బోర్డులో 4 ఎంబీ చిప్‌ని క్లిప్‌తోనే తేడా లేకుండా చదివినవాళ్లు ఏ ప్రోగ్రామర్ వాడారు, 3.3 వోల్టులకు మార్చిన సీహెచ్341ఏనా, రాస్ప్‌బెర్రీ పైనా?