సంతకం ముందా, నమూనా పేజీ ముందా?

మూడులాంతర్లు (విజయనగరం):
మా మేనల్లుడు శ్రీకాకుళంలో వెబ్‌సైట్లు చేసే పని మొదలెట్టాడు. చేతిలో ఒక క్యాటరింగాయన, ఒక ప్రైవేటు స్కూలు, ఒక జీడిపప్పు వ్యాపారి. ఎన్ని పేజీలు, ఎన్ని మార్పులు, ఎప్పటికి ఇవ్వాలి, ఒక్క ముక్క కాగితం మీద లేదు. 2001 నుంచి ఐదేళ్లు ఇక్కడ ఇదే పని చేయించినవాణ్ణి కదా, సంతకం పడకుండా మౌస్ ముట్టుకోకురా అన్నాను. "ఏదో ఒకటి చూపిస్తే గానీ వాళ్ళకేం కావాలో వాళ్ళకే తెలీదు మామయ్యా" అంటాడు.

నా భయం ఊరికే పుట్టలేదు. అప్పట్లో ఒక కాలేజీ పని నోటి మాట మీద ఒప్పుకున్నాను. కరస్పాండెంటు గారికి ఎగిరే లోగో కావాలి, ప్రిన్సిపాల్ గారికి అది వద్దు, బావమరిదిగారికి పాట కావాలి. హోం పేజీ పదకొండుసార్లు మారింది. రెండో సగం డబ్బులు నేటికీ రాలేదు. ఎవరిది రైటో చెప్పండి.

పలాస_పిక్క:
మీ మేనల్లుడిదే మేష్టారూ. 2003లో మా జీడిపప్పు వ్యాపారానికి సైట్ చేసినవాళ్ళు నాలుగు పేజీల కాగితం తెచ్చారు. మా నాన్న చదవకుండానే సంతకం పెట్టేశారు. అప్పటికి ఆయన వెబ్‌సైటనేది చూసి ఎరగరు, దేనికి ఒప్పుకున్నట్టు? మొదటి పేజీ తెరమీద పెట్టాక అడిగారు, "గ్రేడులేవి?" అని. డబ్ల్యూ 180, 240, 320 అని ఉంటాయి. పౌనుకి సుమారు ఎన్ని పప్పులు తూగుతాయో ఆ అంకె, అంకె తగ్గితే పప్పు పెద్దది. కొనేవాడు ముందు చూసేది అదే. కాగితంలో 'మా ఉత్పత్తులు' అని ఒక్క ముక్క ఉంది. గ్రేడుల పట్టిక లేదు, తిరుపతి వెంకన్న బొమ్మ చుట్టూ మెరిసే దీపాలు మాత్రం ఉన్నాయి.

ఏడురోడ్ల_కూడలి:
నాదీ అదే మాట. 'సైటు తెలుగులో కూడా ఉండాలి' అన్న ఒక్క వాక్యానికి సంతకం పెట్టించుకుని మేమే ఇరుక్కున్నాం. అప్పుడు ఒక్కో తెలుగు ఫాంటుకి ఒక్కో లెక్క. మా ఆఫీసులో చక్కగా కనిపించిన పేజీ, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఇంగ్లీషు అక్షరాల గంపలా కనిపించేది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది నిజమే గానీ మా క్లయింటు దగ్గర ఇంకా పాత విండోస్ 98. చివరికి తెలుగు పేరాలన్నీ బొమ్మలుగా మార్చి పెట్టాం. మరి ఫోన్ లైను మీద నెట్ తెచ్చే 56కె మోడెం ఎంత బాగా పనిచేసినా సెకనుకి 7 కిలోబైట్లు దాటదు. 300 కిలోబైట్ల పేజీ అంటే ముప్పావు నిమిషం. ఈలోగా ఫోన్ లైను తెగేది. ఒక్క నమూనా పేజీని వాళ్ళ కంప్యూటర్లో ముందే తెరిచి చూసుంటే ఈ టెన్షన్ లేకపోను.

కోటగుమ్మం:
కబుర్లు బాగున్నాయి. కాగితం లేకపోతే బాకీ ఎలా అడుగుతారేటి?

నాగావళి_ఒడ్డు:
ఇద్దరూ అసలు జబ్బుని వదిలేశారండి. నేను ఆరేళ్ళు క్లయింట్ల దగ్గరికి తిరిగే పనే చేశాను. పని ఆగేది సంతకం లేకో, నమూనా లేకో కాదు. 'మేటర్ రేపిస్తాం' దగ్గర ఆగేది, అంటే సైట్లో పెట్టాల్సిన రాతలు, ఫొటోలు. ఆ రేపు పైడితల్లమ్మ సిరిమాను పండగ దాటి సంక్రాంతికి వచ్చేది. వచ్చినా ఛైర్మన్ గారి ఫొటో, రెండు పేరాల సందేశం.

అందుకే మేటర్ అడగడం మానేశాను. వారం రోజులు కౌంటర్ దగ్గర కూర్చుని, ఫోన్ చేసినవాళ్ళు ఏమడుగుతున్నారో రాసుకునేదాన్ని. ఒక స్కూల్లో సగానికి పైగా కాల్స్ బస్సు మా వీధికి వస్తుందా అనే. పొందూరు ఖద్దరు అమ్మే ఒకాయనకి వచ్చే ప్రశ్న, ఇది చేత్తో వడికిందేనా అని. వాలుగ చేప దవడతో పత్తి ఏకుతారని ఆయన ఫోన్లో రోజూ చెప్పేదే. మాకిచ్చిన మేటర్లో ఆ ముక్క లేదు! ఆ దవడతో పత్తి ఏకే ఫొటోయే మొదటి పేజీలో పెట్టాం.

ఇక కాగితం అంటారా, అరపేజీ చాలు. మేటర్ ఇచ్చే ఆ ఒక్క మనిషి ఎవరు, మార్పులు ఎన్నిసార్లు, డబ్బు ఎప్పుడు, డొమైన్ (సైటు అడ్రసు) ఎవరి పేరున. పేజీ రూపం గురించి అందులో ఒక్క మాటా వద్దు. డొమైన్ మాత్రం మరచిపోకండి. నేను పనిచేసిన చోట మా బాసు అన్నీ తన పేరునే కొని పెట్టుకునేవాడు. క్లయింటు వేరే చోటికి వెళ్తానంటే అప్పుడు బేరం మొదలయ్యేది. ఆ ఫోన్లు ఎత్తింది నేను. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పలాస_పిక్క:
కౌంటర్ దగ్గర వారం కూర్చున్నందుకు ఎవరిస్తారండీ డబ్బులు?

నాగావళి_ఒడ్డు:
ఎవరూ ఇవ్వరు తమ్ముడూ. పదకొండుసార్లు హోం పేజీ మార్చినందుకు మాత్రం ఎవరిచ్చారు?

మూడులాంతర్లు (విజయనగరం):
నా మీదకే వచ్చిందన్నమాట. అరపేజీ కాగితానికి సగం ఒప్పుకుంటున్నాను. పేజీల లెక్క రాయకపోతే పదో పేజీ దగ్గర గొడవ ఖాయం, అది వదలను. డొమైన్ మాట చదివి ఇప్పుడే మావాడికి ఫోన్ చేశాను, స్కూలుది ఎవరి పేరున కొన్నావురా అని. "నా పేరునే మామయ్యా, కార్డు నాదే కదా" అన్నాడు. రేపు పొద్దున్న మొదటి బస్సుకి వస్తున్నానని చెప్పాను.