లూవ్ర్ మ్యూజియం టికెట్లు, లైన్ల సంగతి: వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి

కొత్తప్రయాణం: వచ్చే నెల అమ్మానాన్నల్ని తీసుకుని పారిస్ వెళ్తున్నాం, లూవ్ర్‌కి ఒక్క పూటే కుదిరేలా ఉంది. నాన్నకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేరు. టికెట్ అక్కడికెళ్లి తీసుకోవచ్చా?

గోదారిగట్టు: వద్దండీ, ముందే చేసుకోండి, మ్యూజియం సొంత సైట్లోనే. టైమ్ స్లాట్ ఇస్తారు. ఇంకోటి, మంగళవారం పెట్టుకోకండి, సెలవు. మేం ఊపుగా బయల్దేరి వెళ్తే తలుపులు మూసున్నాయి, మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

రాత్రిబస్సు: నేను చేసిన తప్పు మీరు చేయకండి బ్రో. నెట్లో వెతికితే పైన కనబడిందని ఏదో సైట్లో లైన్ లేకుండా లోపలికి అని రాసుంటే కొనేశా, దాదాపు డబుల్ పెట్టా, తీరా చూస్తే మామూలు స్లాట్ టికెట్ ఉన్నవాళ్ల లైన్లోనే నన్నూ నిలబెట్టారు, సెక్యూరిటీ చెకింగ్ ఎవడికీ తప్పదు కదా. అసలే 2026 జనవరి నుంచి మనలాంటి యూరప్ బయటివాళ్లకి 22 యూరోల టికెట్ 32 చేశారు, దానిమీద మళ్లీ కమీషనా.

బుజ్జిగాడిఅమ్మ: 18 లోపు పిల్లలకి ఫ్రీనే, కానీ ఫ్రీ అని ఊరుకోకుండా వాళ్లకీ స్లాట్ తీసుకోండి.

మెట్రోమావయ్య: మెయిన్ ఎంట్రెన్స్ ఉన్న గాజు పిరమిడ్ దగ్గరే జనం అంతా ఎగబడతారు, ఫొటోల పిచ్చి. టికెట్ చేతిలో ఉంటే రివోలీ వీధి 99 నంబర్ దగ్గర కరూసెల్ మాల్ లోంచి కింద దారి ఉంది చూడండి, మెట్రో ఒకటో లైనో ఏడో లైనో ఎక్కి లూవ్ర్ పేరున్న స్టేషన్‌లో, అంటే పాలే రొయాల్‌లో దిగితే ఎండా వానా తగలకుండా వెళ్లొచ్చు. (లూవ్ర్ రివోలీ అని ఇంకో స్టేషనుంది, పేరు చూసి అక్కడ దిగిపోకండి.) బుధ, శుక్రవారాలు రాత్రి 9 దాకా తెరిచుంటుంది, నేనైతే సాయంత్రానికే ఓటేస్తా. నాన్నగారికి లోపల వీల్‌చైర్ ఉచితంగానే ఇస్తారు, ఐడీ కార్డు పెట్టుకోండి.

రాత్రిబస్సు: మోనాలిసా కోసం మాత్రం లోపల ఇంకో లైను. బొమ్మేమో 77 బై 53 సెంటీమీటర్లు, ముందు వంద ఫోన్లు గాల్లో. నాకు కనబడింది ఎవరిదో బట్టతల. ఎదురు గోడకి పది మీటర్ల వెడల్పున కానా పెళ్లి విందు బొమ్మ ఉంది, దాని ముందు హాయిగా నిలబడ్డా.

కొత్తప్రయాణం: శుక్రవారం సాయంత్రం 5కి స్లాట్ దొరికింది, అందరికీ థాంక్స్. నాన్న మాత్రం నేనేమన్నా ముసలాణ్నా, వీల్‌చైర్ ఎక్కనంటే ఎక్కనంటున్నారు.

మెట్రోమావయ్య: లోపల రెక్కల దేవత శిల్పం దగ్గర మెట్లు చూశాక ఆయనే అడుగుతార్లెండి.