భార్య పీజీ కోసం వైజాగ్ మారాలా, హైదరాబాద్‌లోనే ఉండాలా?

అందరికీ నమస్కారం. మా ఆవిడకి నీట్ పీజీ ఆలిండియా కోటాలో వైజాగ్ ఆంధ్రా మెడికల్ కాలేజీలో ఎండీ పీడియాట్రిక్స్ (పిల్లల వైద్యం) సీటు వచ్చింది. మూడేళ్లు. నాది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారానికి మూడ్రోజులు ఆఫీసుకి వెళ్లి తీరాలి. పూర్తిగా వర్క్ ఫ్రమ్ హోమ్ అడిగితే మేనేజర్ "చూద్దాం" అన్నారు. ఆ మాటకి అర్థం మీకు తెలిసిందే. పాప ఒకటో తరగతి. అమ్మానాన్న మాతోనే ఉంటారు.

ఉద్యోగం మారైనా సరే, తను పనిచేయబోయే కాలేజీ ఆసుపత్రి కేజీహెచ్‌కి దగ్గర్లో మహారాణిపేట వైపు ఇల్లు తీసుకుందామని నా ఆలోచన. తను మాత్రం "ఫస్టియర్‌లో నేను ఇంటికొచ్చేది స్నానానికీ నిద్రకే. అందరూ వచ్చి ఏం చేస్తారు? హాస్టల్లో ఉంటాలే" అంటోంది. పైగా జిల్లా రెసిడెన్సీ అని మధ్యలో మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో చేయాలి. రూల్ ప్రకారం వారానికో సెలవు, ఏడాదికి 20 క్యాజువల్ లీవులు ఉన్నాయి. డ్యూటీ చార్టులో అవి ఎంతవరకు దక్కుతాయో సీనియర్లే చెప్పాలి.

గరీబ్‌రథ్ ఎక్కితే తెల్లారేసరికి వైజాగ్‌లో ఉండొచ్చు గానీ, శుక్రవారం బెర్తు దొరకడం గగనమే. పాప ఇప్పటి నుంచే వాళ్లమ్మ పాత ఏప్రన్ పక్కలో పెట్టుకుని పడుకుంటోంది. నాకు అదే టెన్షన్.

ఇంట్లో ఒకరు క్లినికల్ పీజీ చేసినవాళ్లు చెప్పండి. ఫస్టియర్ హాస్టల్, సెకండియర్ నుంచి కాపురం అన్న పద్ధతి మీకు కుదిరిందా? ముందే మకాం మార్చినవాళ్లకి రోజుకో పూటైనా కలిసి తినే వీలు దొరికిందా? డబ్బు లెక్కలు నేను వేసుకుంటాను, ఇంటి సంగతులు చెప్పండి చాలు.