స్పూనరిజాన్ని తెలుగులో ఏమనాలి?

నిన్న ఇక్కడ ఒకరు స్పూనరిజం అంటే "నోరు జారడం" అని రాశారు, నా పేచీ అంతా ఆ మాటతోనే. నోరు జారాడంటే అనకూడనిది అనేశాడని కదా మనకు అర్థం. ఇక్కడ మనిషి అనాల్సిందే అన్నాడు, కాకపోతే ఒక మాట మొదలు తీసుకెళ్ళి పక్క మాటకు తగిలించాడు. మొన్న బయల్దేరే హడావుడిలో గడపలో నిలబడి "అమ్మా, చాళం తెవి ఎక్కడ?" అని అరిచాను. మా అమ్మ క్షణం కూడా ఆలోచించకుండా "ఫ్రిజ్ మీద" అంది. అదీ స్పూనరిజం అంటే.

ఈ పేరు తగిలించుకున్న పెద్దాయన రెవరెండ్ విలియం ఆర్చిబాల్డ్ స్పూనర్. 1844లో లండన్‌లో పుట్టారు, 1862లో స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్ న్యూ కాలేజీకి వచ్చారు (పేరుకే న్యూ, పెట్టింది 1379లో), ఇక అక్కడే ఫెలో, డీన్, చివరికి 1903 నుంచి 1924 దాకా వార్డెన్. వార్డెన్ అనగానే రాత్రి గేటుకి తాళం వేసే హాస్టల్ వార్డెన్ గుర్తొస్తాడు మనకు, అది కాదు, కాలేజీ మొత్తానికి పెద్ద. ఆయన అల్బినో (పుట్టుకతోనే ఒంటికీ జుట్టుకీ రంగు లేనివారు), పొట్టి మనిషి, చూపు బాగా తక్కువ. ప్రాచీన చరిత్ర, తత్వశాస్త్రం, మతబోధ చెప్పేవారు.

చాపెల్‌లో, అంటే కాలేజీ ప్రార్థనామందిరంలో, "కాంకరింగ్ కింగ్స్" అని మొదలయ్యే కీర్తనను ఆయన "కింకరింగ్ కాంగ్స్" అని ప్రకటించారట. దిగ్విజయం చేసే రాజులు మన చెవికి యమకింకరులైపోయారు! గమనించండి, రెండు మాటలకూ మొదట ఉన్నది "క"యే, కాబట్టి హల్లు కదల్లేదు, గుణింతం మాత్రమే అటుదిటైంది. ఇంకొకటి, "రేట్ ఆఫ్ వేజెస్" అనబోయి "వెయిట్ ఆఫ్ రేజెస్" అన్నారని. కూలి రేటు కాస్తా కోపాల బరువైంది. నిజంగా ఆయనవి అని చెప్పుకోదగ్గవి ఇలాంటివి ఒకటీ అరా. "హిస్టరీ లెక్చర్లు మిస్" అయ్యావనడానికి "మిస్టరీ లెక్చర్లు హిస్" చేశావన్నారనేది, ఇంకా బోలెడు, విద్యార్థులు కూర్చుని అల్లి ఆయన ఖాతాలో వేసినవి. ఆయన వార్డెన్ కాకముందే స్పూనరిజం అనే మాట ఆక్స్‌ఫర్డ్‌లో వాడుకలో పడిపోయింది. పాపం ఆయనకు ఈ కీర్తి నచ్చేది కాదు. ఒకసారి కుర్రాళ్ళు గుమిగూడి ప్రసంగం చెయ్యమంటే, మీకు కావాల్సింది ప్రసంగం కాదు, నా నోట అలాంటిది ఒకటి వినడం అన్నారని చెప్పుకుంటారు. 1930లో పోయారు. అరవై ఏళ్ళకు పైగా ఒకే కాలేజీలో బతికిన మనిషి లోకానికి ఒక తడబాటుగా మిగలడం నాకైతే అన్యాయంగానే అనిపిస్తుంది.

— వ్యాకరణంలో వర్ణవ్యత్యయం ఉంది కదండీ, అది చాలదా?

చాలదండీ. వర్ణవ్యత్యయం, అంటే అక్షరాల ధ్వనులు చోట్లు మార్చుకోవడం, ఒకే మాట లోపల జరుగుతుంది, పైగా జనం నోట స్థిరపడిపోతుంది. "బ్రహ్మ" అని రాసి "బ్రమ్హ" అంటాం, "చిహ్నం" అని రాసి "చిన్హం" అంటాం, ఎవరూ నవ్వరు. స్పూనరిజానికి రెండు మాటలు కావాలి, అది ఆ క్షణానిదే, పక్కవాళ్ళు నవ్వి తీరాలి. "నోరు తిరగకపోవడం" కూడా కాదు, ఇక్కడ నోరు కాస్త ఎక్కువే తిరిగింది. నా ఓటు "తారుమారు పలుకు"కి. అది కుదరకపోతే స్పూనరిజం అనే ఉంచేద్దాం.

— తారుమారు పలుకు బాగుంది. మా మేనమామ ఒక పెళ్ళి వడ్డనలో "చప్పు పారు, చప్పు పారు" అని కేకేస్తూ రెండు వరసలు తిరిగాడు. ఒక్కరూ ఏమిటని అడగలేదు, అందరూ పోయించుకున్నారు.