చింతామణి ఆటను ఆపడం న్యాయమేనా?

పద్యాల పిచ్చి:
మా ఊళ్ళో శ్రీరామనవమికి మూడు రాత్రులు నాటకాలు ఆడేవారు. మూడో రాత్రి చింతామణి. మా తాతయ్య గోనెపట్టా, చెంబుతో నీళ్ళు పట్టుకుని ఎనిమిదింటికే వెళ్ళి ముందు వరసలో కూర్చునేవాడు. నాటకంలోని భవానీశంకరం అంటుమామిడి తోట పద్యం ఎత్తుకుంటే తాతయ్య పెదవులు కూడా కదిలేవి.

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. వేశ్య చింతామణి వెంటపడే సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్య సంఘాలు గట్టిగా అడిగిన మీదట వచ్చిన ఉత్తర్వు అది. వేశ్యాలోలత కాపురాలను ఎలా కూలుస్తుందో చెప్పడానికి కాళ్ళకూరి నారాయణరావు గారు వందేళ్ళ కిందట రాసిన నాటకం ఇది. వరకట్నం మీద వరవిక్రయం, తాగుడు మీద మధుసేవ రాసిందీ ఆయనే. అలాంటి మనిషి రాసినదాన్ని ఆపేశారు. అదీ అచ్చుపుస్తకం జోలికి వెళ్ళకుండా, ఆట ఒక్కదాన్నే. నాకు ఇది అన్యాయం అనిపిస్తోంది. మీరేమంటారు?

పెదబజారు:
మీ తాతగారు పద్యం కోసం వెళ్ళారు, సంతోషం. మర్నాడు పొద్దున మా కొట్టు దగ్గర ఏం జరిగేదో కూడా వినండి.

మా నాన్నది కిరాణా కొట్టు. నాటకం ఆడిన మర్నాడు బేరానికి వచ్చినవాళ్ళు సుబ్బిశెట్టి గొంతు పెట్టి బెల్లం అడిగేవాళ్ళు. పక్కనున్నవాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. నాన్న ఒక్క మాట అనేవాడు కాదు. తక్కెడ ముల్లు వైపే చూస్తూ తూచి, పొట్లం కట్టి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చేవాడు. నాకు అప్పుడు పదకొండేళ్ళు. బళ్ళో హాజరు పిలుస్తుంటే నా పేరు రాగానే వెనక బెంచీలోంచి ఒకడు "సుబ్బిశెట్టీ" అని అరిచేవాడు. మాస్టారు కూడా నవ్వేవారు.

ఒక మనిషిని కులం పేరుతో ఏడిపించడానికి పనికొచ్చే ఆటను వందేళ్ళు ఆడారు. ఇక చాలు అంటే తప్పేమిటి?

హార్మోనియం:
నేను ఇరవై రెండేళ్ళు చింతామణికి హార్మోనియం వాయించాను. పెదబజారు గారూ, మీరు చెప్పింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఇదివరకు ఎక్కడా ఒప్పుకోనిది ఒకటి ఇక్కడ చెబుతాను.

సుబ్బిశెట్టి చేత మేం స్టేజీ మీద అనిపించిన మాటల్లో చాలావాటికి అచ్చుపుస్తకంతో సంబంధం లేదు. రాత్రి రెండు దాటితే జనం కునికిపాట్లు పడతారు. కాంట్రాక్టరు తెర వెనక్కి వచ్చి "శెట్టిని దింపండి, కామెడీ పెంచండి" అనేవాడు. వేషగాడు ఊరూరికీ కొత్త మాటలు కలిపేవాడు. అవి పచ్చి బూతులని మాకు తెలుసు. నవ్వుతున్నారు కదా అని నేనూ శ్రుతి వేస్తూ కూర్చున్నాను. తప్పు మాది, రాసినాయనది కాదు.

కానీ శిక్ష ఎవరికి పడిందో చూడండి. మాతో చింతామణి వేషం వేసే ఆవిడ ఉంది. వేసవి తిరునాళ్ళలో వచ్చే ఆ డబ్బుతోనే ఏడాదంతా ఇల్లు నడుపుకునేది. బిల్వమంగళుడి వేషగాడు ముప్పై ఏళ్ళుగా అవే పద్యాలు సాధన చేశాడు. ఉత్తర్వు వచ్చిన నెలలోనే అడ్వాన్సు ఇచ్చినవాళ్ళు ఫోన్లు చేసి వెనక్కి అడిగారు. కలిపిన మాటలు తీసేయండి అని ఒక్క అధికారైనా మమ్మల్ని పిలిచి చెప్పి ఉంటే తీసేసేవాళ్ళం.

పాత పుస్తకాలు:
మన భాషలో ఈ కథ మొదటిసారి కాదు. నేను అస్తమానం చెప్పే ఉదాహరణే మళ్ళీ చెబుతాను.

18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి ఉండేది. దేవదాసి. రాధికా సాంత్వనము అని నాలుగు ఆశ్వాసాల శృంగార కావ్యం రాసింది. తాను పెంచిన ఇళను కృష్ణుడికిచ్చి పెళ్ళి చేసి, తర్వాత ఆ ఎడబాటు భరించలేక మండిపడే రాధ కథ. కోపం, ఆశ, అలక అన్నీ ఆడదాని నోటితోనే. కందుకూరి వీరేశలింగం గారు కవుల చరిత్రలో ఈ కావ్యంలోని శృంగారం ఆడవాళ్ళు వినదగినది కాదన్నారు, ఆమె కులాన్ని కూడా ఎత్తిచూపారు. 1887లో వచ్చిన అచ్చులో పీఠిక ఎగిరిపోయింది, కొన్ని పద్యాలూ పోయాయి.

గాయని బెంగళూరు నాగరత్నమ్మ ఆ లోపాన్ని పట్టుకుంది. తిరువయ్యారులో త్యాగయ్య సమాధి మీద గుడిని సొంత సంపాదనతో కట్టించిన ఆవిడే. రాతప్రతి సంపాదించి, సరిచూసి, 1910లో వావిళ్ళ ప్రచురణ సంస్థ వారి చేత పూర్తిగా అచ్చు వేయించింది. ముందుమాటలో వీరేశలింగం పంతులుగారినే నిలదీసింది. సిగ్గూ, మర్యాదా ఆడవాళ్ళకేనా, మగకవులకు అక్కర్లేదా అని. పంతులుగారే పరిష్కరించిన వైజయంతీ విలాసంలో ఇంతకన్నా పచ్చి వర్ణనలు లేవా అని. 1911లో మద్రాసు పోలీసులు ఆ ప్రతులన్నీ పట్టుకుపోయారు. ఆక్షేపణ ఉందన్న పద్యాలను ప్రభుత్వ అనువాదకుడు ఇంగ్లీషులోకి మార్చి ఇస్తే, వాటిని చదివి తెల్లదొరలు తేల్చారు. 1947లో ప్రకాశం పంతులుగారి హయాంలో కానీ ఆ నిషేధం తొలగలేదు.

అంటే ముప్పై ఆరేళ్ళు. ఆ ముప్పై ఆరేళ్ళలో తెలుగు చదువుకుని, ముద్దుపళని పేరు కూడా వినకుండా పోయిన ఆడపిల్లలు ఎంతమందో. నాకు నిషేధం అంటే అందుకే భయం. చెడ్డదాన్ని ఆపుతుందో లేదో చెప్పలేం కానీ, కొన్ని గొంతులను మాత్రం తరాల తరబడి నొక్కేస్తుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో రాసిన మాలపల్లినీ అదే మద్రాసు ప్రభుత్వం ఆపింది. హరిజన కుటుంబం కథ చదివితే ఎవరికి ప్రమాదమో ఆలోచించండి.

పెదబజారు:
నాగరత్నమ్మ గారికి నమస్కారం. కానీ ఆవిడ కొట్లాడింది గొంతు లేని ఆడమనిషి కోసం. సుబ్బిశెట్టి గొంతు మాది కాదు, మా మీద పెట్టినది. రెండింటినీ ఒకే తక్కెడలో తూచకండి.

పాత పుస్తకాలు:
మీరన్నది నిజమే, ఆ తేడా నేను చూడకుండా రాశాను. ఒక్కటి మాత్రం అడుగుతాను. నాటకంలో భవానీశంకరం, బిల్వమంగళుడు బ్రాహ్మణులు. వాళ్ళూ ఆస్తి పోగొట్టుకుని నవ్వులపాలవుతారు కదా?

పెదబజారు:
వాళ్ళకు పద్యాలిచ్చారు, కన్నీళ్ళిచ్చారు, బిల్వమంగళుడికి చివర జ్ఞానోదయం కూడా ఇచ్చారు. శెట్టికి ఏమిచ్చారు? నవ్వు. వాళ్ళు పాడైపోతుంటే జనం అయ్యో అంటారు, మావాడు పాడైపోతుంటే ఈలలు వేస్తారు.

చెరువుకట్ట:
హైదరాబాద్ నుంచి రాస్తున్నాను. పుస్తకం సంగతి వేరు, నలుగురి మధ్య నిలబెట్టినదాని సంగతి వేరు అని నా అభిప్రాయం. పుస్తకం మనం తెరిస్తేనే తెరుచుకుంటుంది. వీధిలో ఆడే ఆట, దారిలో నిలబెట్టిన విగ్రహం మనల్ని అడగకుండానే ఎదురుపడతాయి.

1986లో ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు పెట్టారు. రోజూ ఆ కట్ట మీదుగా ఆఫీసుకు పోయే మాకు, ఈ తెలంగాణ నేల మీద పుట్టినవాళ్ళు వాటిలో ఇంత తక్కువెందుకు అనిపించేది. అడిగితే వినేవాళ్ళు లేరు. 2011 మార్చి 10న తెలంగాణ ఉద్యమకారుల మిలియన్ మార్చ్ నాడు చాలా విగ్రహాలు కూలాయి, కొన్ని హుస్సేన్‌సాగర్ పాలయ్యాయి. శ్రీశ్రీ, జాషువా, అన్నమయ్య ఉన్నారు వాటిలో. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. ఎవరినీ తోయలేదు, కానీ ఆపనూ లేదు. జాషువా విగ్రహం విరిగిందని సాయంత్రం తెలిసినప్పుడు గుండె కలుక్కుమంది. అంటరానితనం మీద జీవితమంతా కలం పట్టిన మనిషి మాకేం చేశాడు? మా కోపం న్యాయమైనదే. పడిన చోటు తప్పు. తర్వాత ఆ విగ్రహాలను మళ్ళీ పెట్టారు. కొమరం భీం కూడా ఆ కట్ట మీదికి వచ్చాడు. ఆయన కోసం జాషువా పడిపోనక్కర్లేదు, పక్కన ఇంకొక దిమ్మె కడితే సరిపోయేది. 1986లోనే కట్టి ఉంటే ఆ రోజు వచ్చేదే కాదు.

అందుకే పెదబజారు అన్నా, నీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ మొత్తం ఆటను నీళ్ళలోకి తోసెయ్యడం మేం చేసిన పనిలాంటిదే.

పాత పుస్తకాలు:
చట్టం గురించి ఒక మాట. పుస్తకాన్ని జప్తు చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఇదివరకు నేర విచారణ స్మృతి 95వ సెక్షన్ కింద ఉండేది, ఇప్పుడు కొత్త నాగరిక్ సురక్షా సంహిత 98వ సెక్షన్ కింద ఉంది. కారణాలు రాసి చూపాలి, ముగ్గురు జడ్జీల హైకోర్టు బెంచి ముందు సవాలు చేయొచ్చు. 2025 ఆగస్టులో జమ్మూ కశ్మీర్‌లో 25 పుస్తకాలను జప్తు చేసింది దీని కిందే. ఒక్క ఉత్తర్వులో 25! నాటకాల కోసం తెల్లవాళ్ళు 1876లో చేసిన చట్టాన్ని 2018లో తీసేశారు. చట్టం పోయింది, అలవాటు మాత్రం పోలేదు.

పద్యాల పిచ్చి:
పెదబజారు గారూ, కలిపిన మాటలన్నీ తీసేసి, అచ్చులో ఉన్నది ఉన్నట్టు ఆడితే ఒప్పుకుంటారా?

పెదబజారు:
మీరు అడగడం తేలిక. తీసేశారో లేదో రాత్రి రెండింటికి స్టేజీ పక్కన నిలబడి ఎవరు చూస్తారు? ఈలలు పడగానే వేషగాడు మళ్ళీ మొదలుపెట్టడని హామీ ఎవరిస్తారు? నిషేధం ఎత్తేయమని నా నోటితో నేను అనలేను.

హార్మోనియం గారు తప్పు మాది అన్నారు. ఆ మాట మాకు ఇంతవరకు ఎవరూ అనలేదు. కాబట్టి ఇంకొక సంగతి ఒప్పుకుంటాను. నేను అచ్చు పుస్తకం చదవలేదు. స్టేజీ మీద విన్నదే నాకు తెలుసు. చదివి మళ్ళీ మాట్లాడతాను.

హార్మోనియం:
నా దగ్గర పాత ప్రతి ఉంది, అట్ట ఊడిపోయింది. శెట్టి వచ్చే చోటల్లా మేం కలిపిన మాటలు అంచుల్లో పెన్సిల్‌తో రాసుకున్నాం. ఏది పుస్తకంలోదో, ఏది మాదో ఒక్కొక్క పుటలో తెలిసిపోతుంది. చెరపకుండా అలాగే పంపుతాను, చూడండి.