అప్‌డేట్: మా నాయన ఫోన్‌లో టార్చ్ యాప్ గొడవ తీరింది

రాత్రి పూట బాయి కాడ మోటర్ వేయడానికి నాయన ఒక టార్చ్ యాప్ ఎక్కించుకున్నడు, అది కాంటాక్టులు, లొకేషన్ అడిగింది, యాప్ మూసినా తెర మీద ప్రకటనలు వస్తున్నయ్, అన్‌ఇన్‌స్టాల్ కావట్లేదు అని ఇక్కడ అడిగిన కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

నల్గొండ క్లాక్ టవర్ దగ్గర ఫోన్లు బాగుచేసే తమ్ముడు అసలు సంగతి పట్టుకున్నడు. సెట్టింగ్స్‌లో 'డివైస్ అడ్మిన్ యాప్స్' (ఫోన్ మీద ప్రత్యేక అధికారం ఇచ్చిన యాప్‌ల లిస్టు) అని వెతికితే టార్చ్ పేరు ఎదురుగా టిక్ ఉంది. అది ఉన్నంతసేపు అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయదట. టిక్ తీసేసి అన్‌ఇన్‌స్టాల్ నొక్కంగనే యాప్ పోయింది.

ప్రకటనలకు కారణం మాత్రం మీలో ఒకరు చెప్పిందే: 'ఇతర యాప్‌ల మీద కనిపించడం' అనే అనుమతి. తీసేసే ముందు దాన్ని ఆపి చూసిన, వెంటనే ఆగినయ్.

ప్రైవసీ డాష్‌బోర్డ్ (ఏ యాప్ ఎప్పుడు లొకేషన్, కెమెరా లాంటివి వాడిందో చూపే పేజీ, ఆండ్రాయిడ్ 12 నుంచి ఉంది) తెరిస్తే, నాయన నిద్రపోయిన టైంలో కూడా టార్చ్ లొకేషన్ తీసుకున్నట్టు కనబడ్డది. వెలుగుకు లొకేషన్ ఎందుకు? ఆండ్రాయిడ్ 6 నుంచి ఫ్లాష్ వెలిగించడానికి కెమెరా అనుమతి కూడా అక్కర్లేదు. ఇది చూసి నాకు నిజంగా కోపమొచ్చింది.

సిమ్ మార్చడం, ఫ్యాక్టరీ రీసెట్ (ఫోన్‌లో ఉన్నదంతా తుడిచేయడం) అవసరం పడలే. యాంటీవైరస్‌కు ఏమీ దొరకలే. యాప్ తీసేసినా, ముందే బయటికి పోయిన కాంటాక్టులు ఉంటే అవి వెనక్కి రావు. అందుకే మా చుట్టాలకు తెలియని లింకులు నొక్కొద్దని చెప్పిన.

ఇప్పుడు నాయన ఫోన్‌తో వచ్చిన టార్చే వాడుతున్నడు, పై నుంచి కిందికి జరిపితే కనబడేది.