సీసం, గంధకం ఒకే నీటిలో వచ్చాయా, వేర్వేరుగా వచ్చి కలిశాయా?

పాకాల రాళ్లు (నర్సంపేట):
జియాలజీ చదివే మా తమ్ముడికీ నాకూ మొదలైన వాదన ఇది. సున్నపురాయి, డోలమైట్‌లలో దొరికే సీసం, జింకు ఖనిజాలను భూమి లోపల తిరిగిన వేడి ఉప్పునీరు తెచ్చిపెట్టింది. దీనిమీద మాకు పేచీ లేదు. సముద్రంలో ఉప్పు 3.5 శాతం ఉంటే, ఆ నీటిలో 10 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. వేడి ఎక్కువగా 75–200 డిగ్రీల మధ్య.

లోహం, గంధకం రెండూ ఆ నీటిలోనే కలిసి వచ్చాయి, చల్లబడగానే దిగాయి అంటాడు వాడు. నేను ఒప్పుకోను. ఇంటర్ ల్యాబ్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ తగలగానే లెడ్ ఎసిటేట్ కాగితం నల్లబడటం అందరం చూసిందే. ఆ నలుపు లెడ్ సల్ఫైడ్, అంటే సీసం, గంధకం కలిసిన పదార్థం. సీసపు ముఖ్య ఖనిజం గెలీనా కూడా అదే. క్షణం ఆగని ఆ జంట అంత దూరం కలిసి ఎట్లా ప్రయాణిస్తుంది?

హనుమకొండ కెమిస్ట్రీ:
నర్సంపేట తమ్ముడూ, అదే ల్యాబ్‌లో జింకు సంగతి మర్చిపోయావు. తెల్లటి జింక్ సల్ఫైడ్ మీద పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే కరిగిపోతుంది. అందుకే లవణంలో ఏ లోహం ఉందో గ్రూపుల వారీగా పరీక్షించేటప్పుడు జింకును అమోనియా పోశాక నాలుగో గ్రూపులో పట్టుకుంటాం. నీటికి ఆమ్లగుణం ఉంటే లోహం, సల్ఫైడ్ కొంతవరకు కలిసే ఉండొచ్చు. పైగా క్లోరైడ్ అయాన్లు లోహం చుట్టూ చేరి దాన్ని కరిగించి ఉంచుతాయి. అట్లాంటి నీరు సున్నపురాయిని తాకితే ఆమ్లం విరిగిపోయి ఖనిజం దిగుతుంది. మీ తమ్ముడి మాట కొట్టిపారేసేది కాదు.

పాకాల రాళ్లు:
జింకు వరకు సరే సార్. మరి సీసం రెండో గ్రూపులో, ఆమ్లంలోనే నల్లగా పడిపోతుంది కదా? ఇంకోటి, దారి పొడవునా సున్నపురాయే ఉంటే ఆ ఆమ్లం గమ్యం దాకా మిగలదు.

గోదావరిఖని మైనింగ్:
నాకు నర్సంపేట అన్న మాటే బలంగా కనిపిస్తోంది. జింకు ఖనిజం స్ఫాలరైట్‌ను పలచటి పలకగా అరగదీసి మైక్రోస్కోప్ కింద పెడితే, లోపల చిక్కుకున్న పాతకాలపు ఉప్పునీటి బొట్టు, అందులో చిన్న బుడగ కనిపిస్తాయి. నెమ్మదిగా వేడి చేస్తే బుడగ మాయమవుతుంది. నీరు చిక్కుకున్నప్పుడు కనీసం అంత వేడిగా ఉందన్నమాట. 2009లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధనలో ఆర్కాన్సా, ఐర్లండ్ ఖనిజాల్లోని ఇట్లాంటి బొట్లను లేజర్‌తో కొట్టి చూశారు. అనుకున్నదానికంటే చాలా ఎక్కువ లోహం తేలింది. అంత లోహం మోసే నీటిలో సల్ఫైడ్‌కు చోటుండదు. మిసిసిపీ రాష్ట్రపు చమురు బావుల్లో ఈ రోజుకీ సీసం, జింకు బాగా ఉన్న ఉప్పునీరు వస్తుంది. అందులోనూ హైడ్రోజన్ సల్ఫైడ్ దాదాపు ఉండదు.

అసలు తేలనిది ఇంకొకటి. గంధకం అక్కడే వాయువుగా కాచుకొని ఉందా, లేక సల్ఫేట్‌గా (ఆక్సిజన్‌తో కలిసిన రూపంలో) వచ్చి, అక్కడి చమురు, మీథేన్ వల్ల సల్ఫైడ్‌గా మారిందా? నేను రెండోదాని వైపే.

హనుమకొండ కెమిస్ట్రీ:
సీసం విషయంలో వెనక్కి తగ్గుతున్నా, రెండో గ్రూపు మాట కాదనలేను. జింకు మెండుగా, సీసం నామమాత్రంగా ఉన్న గనుల్లో మాత్రం ఒకే నీరు తెచ్చిందన్న మాటను వదులుకోను. అక్కడ దారిలోని రాయి సున్నపురాయి కాదు, ఇసుకరాయి అని తేలితే ఆమ్లం మిగలదన్న అభ్యంతరం కూడా పోతుంది.